రిలీవర్ వచ్చేదాకా

దువ్వాడ,
2-7-2025, బుధవారం.

అమ్మా రోజారమణీ,

నిన్న నువ్వు పనిసేసే లాబుకే వొచ్చి, నిన్ను సూడకుండా తిరిగొచ్చీసినాను. కోపం తెచ్చుకోకు. "నా సొంత మేనకోడలు ఇక్కడే పనిసేస్తంది, ఒక్కసారి పలకరించి ఎల్తాను" అంటే మీ అనూరాధ మేడం ఒప్పుకోలేదు. "ఈ మెదడు పరీక్షలు అయ్యేదాకా చుట్టరికాలు కుదరవండీ. ఇక్కడ మీకు పేరు కూడా లేదు, నంబరే" అనీసింది. ముప్పై ఏళ్ళు స్టీల్ ప్లాంటులో నంబరుతో బతికినోణ్ణి, నాకు నంబరు కొత్తేటి?

పదిహేను రోజులకోపాలి సేత్తో ఒక ఉత్తరం రాయాలంట, అవతలోళ్ళు కూడా సేత్తోనే జవాబియ్యాలంట. అదీ పరీక్షలో బాగమేనంట. ఎవులికి రాస్తారంటే నీ పేరే సెప్పినాను, నంబరు బయటెట్టకపోతే పరవాలేదన్నారు. మిల్లు సప్పుడికి నా సెవులు సగం పోనాయి, ఫోన్లో నువ్వేటి సెప్పినా నాను "ఆఁ ఆఁ" అనడమే. కాయితం అయితే ఆ గొడవ లేదు.

అసలు నానెందుకు ఈ పరీక్షల్లో సేరినానో మీ అత్త నీకు సెప్పే ఉంటాది, దాని లెక్కలో. నా లెక్కలో ఇను. మే నెల్లో కరివేపాకు తెమ్మంటే స్కూటర్ తీసినాను. ఏదో ఆలోసించుకుంటా ఎల్లి, ఉక్కునగరంలో మన పాత క్వార్టర్ ముందు ఆపీసినాను. అది కాళీ సేసి పదకొండేళ్ళు. ఆపితే ఆపినాను, లోపలికెల్లి కుర్సీలో కూకుని "కాఫీ" అని కేకేసినాను. ఆ ఇంటి పిల్ల మంచిది. కాఫీ ఇచ్చి, నాను తాగినాకే "తాతగారూ, మీరెవరు?" అని అడిగింది. కాఫీ బాగుంది. ఆ మాట ఇంటికొచ్చి మీ అత్తకి సెప్పడమే నాను సేసిన తప్పు.

అప్పుట్నుంచి స్కూటర్ తాళం బియ్యం డ్రమ్ములో ఉంది. "మన రోజా లాబోళ్ళు నీ బుర్ర బాగుందని సెప్తే తాళం ఇస్తాను. లేపోతే స్కూటర్ డిక్కీలో తోటకూర ఇత్తనాలు జల్లుతాను" అంది మీ అత్త రామలక్ష్మమ్మ. ఆదివారం ఆదివారం యారాడ ఎల్లి, పడవ దగ్గరే సేపలు బేరమాడి తెచ్చే మనిషిని. ఇప్పుడు నెత్తి మీద బుట్టతో వొచ్చే గంగాలమ్మ కోసం గేటు కాడ నిలబడతన్నాను.

మీ అత్తతో అన్లేదు గాని, నాకు బయంగా ఉందే రోజా. ఆ రోజు కాఫీ అడిగినప్పుడు ఆ ఇల్లు నిజంగా నాదే అనుకున్నాను.

పరీక్ష సులువే. తెర మీద పదిహేను మాటలు సూపించినారు. ఇరవై నిమిషాలు బయట కూకోబెట్టి, మళ్ళీ పిలిచి సెప్పమన్నారు. ఎన్ని సెప్పినానో ఎవులికీ అనకూడదంట. మేం ప్లాంటోళ్ళం అయిదుగురం మీ వేన్‌లో వొచ్చినాం: నాను, వీరన్న, తిరుమలరావు, అర్జునరావు, ఆఖర్ని మన భీమశంకరరావు. గోదావరోడు గదా, ముప్పై ఏళ్ళు నా తరవాతి షిఫ్టులోనే డ్యూటీ సేసినా "అండి" మానలేదు. షిఫ్ట్ ఇన్‌ఛార్జి అన్నోడు ముందు దిగాల గనక నానే ముందెల్లినాను. బయటికొచ్చి, వీరన్నకి చార్జి ఇచ్చీసి, మీ లాబులో టీ పెట్టే నూకాలు పోసిన టీ తాగినాను.

ప్రస్తుతానికి కాలినడకన తిరుగుతన్న
మీ మావయ్య గురునాథరావు


విశాఖపట్నం,
10-7-2025.

కాలినడక మావయ్యా,

క్వార్టర్ కథ అత్త ఇదివరకే చెప్పింది. అత్త లెక్కలో నువ్వు కాఫీలో పంచదార తక్కువైందని ఆ పిల్లని కేకలేశావట! అది నువ్వు రాయలేదే?

భయపడకు. మా లాబ్‌లో వాళ్ళ బుర్రలు చూస్తే నీకు ధైర్యం వస్తుంది. అనూరాధ మేడం ఇరవై ఏళ్ళుగా ముసలితనంలో మెదడు ఏమవుతుందా అని చదువుతోంది. రోజూ సాయంత్రం మెట్లు దిగి "రోజా, నా కారు ఎక్కడ పెట్టాను?" అని నన్నే అడుగుతుంది. సాయిశంకర్ అని ఒకబ్బాయి ఉన్నాడు, దేనికైనా గ్రాఫ్ గీసేస్తాడు. కేంటీన్ ఇడ్లీ నెలనెలా ఎంత చిక్కిపోతోందో గీసి గోడకి అంటించాడు. తన పెళ్ళిచూపుల తేదీ మాత్రం మర్చిపోయాడు. ఇక నూకాలు. ఊడుస్తుంది, టీ పెడుతుంది, వచ్చే అరవై మంది పెద్దవాళ్ళలో ఎవరికి పంచదార ఉండాలో ఎవరికి ఉండకూడదో ఒక్క కాయితం ముక్క లేకుండా చెప్పేస్తుంది. నన్నడిగితే ముందు ఆమె మెదడుని పరీక్ష చెయ్యాలి.

నా పని మార్కులు కంప్యూటర్‌లో ఎక్కించడం. పేర్లుండవు. మీ ప్లాంటు జట్టు నలభై ఒకటి నుంచి నలభై అయిదు. అందులో నువ్వెవరో నాకు తెలీదు, చెప్పకు. ఈ ఉత్తరాలు మా లాబ్‌లో వాళ్ళందరం కూడా రాయాలని మేడం రూలు పెట్టింది. మనం చెయ్యని పని పెద్దవాళ్ళ చేత చేయించకూడదట. నాకైతే నాలుగు లైన్లకే వేళ్ళు నొప్పి పుడుతున్నాయి.

"చార్జి ఇచ్చీసి" అని రాశావు. రిటైరై పదకొండేళ్ళయినా నీ డ్యూటీ భాష పోలేదు!

నీ వేళ్ళునొప్పి మేనకోడలు,
రోజా


దువ్వాడ,
16-7-2025.

రోజాకి,

నాను ఆ పిల్లని కేకలెయ్యలేదు. "పంచదార ఇంకొంచెం పడాల" అన్నాను, అంతే. మీ అత్త కోర్టుకెల్తే గెలిచీగలదు.

నిన్న రెండో పరీక్ష అయిపోనాది. ఎవులికీ సెప్పకూడదన్నారు గదా, మావోళ్ళు వేన్ గేటు దాటకుండానే సెప్పుకోడం మొదలెట్టినారు. వీరన్న తొమ్మిదంట. తిరుమలరావు పన్నెండు. అర్జునరావు పద్నాలుగు. భీమశంకరం పదిహేనుకి పదిహేను! పోయిన్నెల్లో రెండు కాళ్ళకీ రెండు రకాల జోళ్ళేసుకుని గుడికొచ్చిన మనిషి, పదిహేను సెప్పినాడే! నా సంగతి అడక్కు.

ఇంటి కాడ దిగీసరికి మీ అత్త గేటులోనే ఉంది. భీమశంకరం వేన్ కిటికీలోంచి తల బయట పెట్టి "పదిహేనుకి పదిహేనండి రామలక్ష్మమ్మ గారూ!" అని కేకేసినాడు. అది నాకేసి సూసింది. నాను గంగాలమ్మ సేపల బుట్టకేసి సూసినాను. తాళం ఆ పూటా డ్రమ్ములోనే ఉండిపోనాది.

నూకాలు టీ మాత్రం బాగుంటాది. మమ్మల్ని సూసి ముసిముసిగా నవ్వుకుంతాది ఎందుకో.

గురునాథరావు


విశాఖపట్నం,
24-7-2025.

మావయ్యా,

ఇది రాయకూడదు. అయినా నోరు ఆగడం లేదు, చెయ్యీ ఆగడం లేదు. మీ ప్లాంటు వాళ్ళు మా లాబ్‌ని తలకిందులు చేసేశారు!

డెబ్బై దాటిన వాళ్ళు పన్నెండు, పద్నాలుగు, పదిహేను మాటలు గుర్తుపెట్టుకోవడం మేడం ఇంతవరకు చూడలేదట. ముప్పై ఏళ్ళు షిఫ్టులు మారి మారి పనిచెయ్యడం వల్ల మెదడు రాటుదేలిందని ఆమె అంటోంది. కాదు, మీరు తినే చేపల వల్ల అని సాయిశంకర్. రెండు పూటలు వాళ్ళిద్దరికీ వాదన. మధ్యలో నూకాలు వచ్చి, "సేపా కాదు, షిఫ్టూ కాదు, అదంతా నా టీ బెంచీ మహిమమ్మా" అని నవ్వుకుంటూ పోయింది. వచ్చే నెల హైదరాబాద్ సదస్సులో చెప్పడానికి మేడం నా మంచమంత పోస్టర్ కూడా వేయించేసింది. చక్కని గ్రాఫు. కింద చిన్న అక్షరాల్లో నా పేరు కూడా ఉంది మావయ్యా, మొట్టమొదటిసారి.

ఒక్కటే చిక్కు. నలభై ఒకటో నంబరాయన. మిగతా నలుగురూ అలా ఎగిరిపోతుంటే ఆయన రెండుసార్లూ ఏడు దగ్గరే ఆగిపోయారు. అన్నంలో రాయిలా తగులుతున్నారు. ఆయన్ని గ్రాఫులోంచి తీసేద్దామని సాయిశంకర్ అంటున్నాడు. పాపం, ఆయనకేదో మొదలైందేమో అనిపిస్తోంది. మీ జట్టులో ఆయనెవరో కాస్త కనిపెట్టుకుని ఉండండి.

నీ తాళం వచ్చేస్తుంది చూడు. తోటకూర విత్తనాలు వెనక్కిచ్చెయ్యమను అత్తని.

పోస్టర్లో పేరున్న
రోజా


దువ్వాడ,
28-7-2025.

రోజారమణికి,

నీ ఉత్తరం అందింది. పోస్టర్ మీద నీ పేరు పడినందుకు సానా సంతోషం. మీ అమ్మకి ఫోన్ సేసి సెప్పించినాను.

నా జేబులో మీ లాబోళ్ళు ఇచ్చిన కార్డుంది. దాని మీద నంబరు నలభై ఒకటి.

నువ్వు తప్పు రాయలేదు, నీకు తెలీదు గదా. గ్రాఫులోంచి తీసీమను, పరవాలేదు. తాళం డ్రమ్ములోనే ఉంచీమని నానే మీ అత్తకి సెప్పినాను. పాల పేకెట్టుకి కూడా ఒంటరిగా ఎల్లడం లేదు, దాన్ని ఎంట రమ్మంతన్నాను. ముందర అది నవ్వింది. నిన్నట్నుంచి నవ్వడం లేదు.

రేపు మూడో పరీక్షకి వొస్తాను. ఒప్పుకున్న డ్యూటీ ఎగ్గొట్టడం నాకు అలవాటు లేదు.

మీ మావయ్య


విశాఖపట్నం,
1-8-2025.

మావయ్యా,

నన్ను కొట్టు. నిజంగా వచ్చి రెండు తగిలించు. నువ్వే ముందు వెళ్తావని మొదటి ఉత్తరంలోనే రాశావు. నలభై ఒకటి అంటే వరసలో మొదటి నంబరని నాకు తట్టలేదు. జ్ఞాపకశక్తి మీద పనిచేసే దానికి ఉన్న జ్ఞాపకం అది! "పాపం" అని రాశాను నీ గురించి. ఆ ఉత్తరం తలుచుకుంటే అన్నం దిగడం లేదు.

నిన్న అత్త ఫోన్ చేసింది. "తాళం నానే ఇస్తానన్నా వొద్దంతన్నాడే" అని ఏడ్చింది. అత్త ఏడవడం నేనెప్పుడూ వినలేదు మావయ్యా.

ఏడుపు తుడుచుకుని మళ్ళీ లెక్కలు తీశాను. ఈసారి ఎవరు ఎన్ని గంటలకి లోపలికి వెళ్ళారో కూడా పక్కన వేసి చూశాను. మూడుసార్లూ ఒకటే వరస: ఏడు, తొమ్మిది, పన్నెండు, పద్నాలుగు, పదిహేను. ముందు వెళ్ళినాయనకి తక్కువ, ఆఖరాయనకి ఎక్కువ. బుర్రలు అలా వరసలో నిలబడవు మావయ్యా, మెట్లు అలా ఉంటాయి.

ఒక్క ప్రశ్న. లోపల్నుంచి బయటికొచ్చాక మీరందరూ ఏం చేస్తారు? చేసింది చేసినట్టు రాయి. ఏదీ దాచకు.

నీ తెలివితక్కువ మేనకోడలు,
రోజా


దువ్వాడ,
5-8-2025.

రోజాకి,

ఏడవకు. నిన్ను కొట్టడానికి సిటీ దాకా రావాలంటే నాకు స్కూటర్ కావాల, అది లేదు.

ఇదేటి ప్రశ్న? బయటికొచ్చి ఏటి సేస్తాం? చార్జి ఇస్తాం.

మిల్లులో రిలీవర్ రాకుండా డ్యూటీ దిగకూడదు. వొచ్చినోడికి లోపలేటి నడస్తందో, ఏది ఆగిందో అంతా సెప్పీసి, లాగ్ బుక్ సేతిలో పెట్టి అప్పుడు దిగాల. సెప్పకుండా దిగిపోయినోణ్ణి మేం మనిషి కింద లెక్కెయ్యం. తెలీకుండా లోపలికెల్లినోడి సెయ్యి రోలర్‌లో పడితే ఎవుడు జవాబు?

మీ దగ్గరా అంతే. నాను ముందెల్తాను, నాకు చార్జి ఇచ్చీవోడు ఎవుడూ లేడు. బయటికొచ్చి, గుర్తున్న ఏడు మాటలూ జేబులో పుస్తకం తీసి రాసి వీరన్న సేతిలో పెడతాను. వాడు సూసుకుని లోపలికెల్లి, కొత్తవి రెండు కలిపి, తిరుమలరావుకి ఇస్తాడు. ఆడు మూడు కలుపుతాడు. అలగ ఎల్తాది. ఆఖర్ని భీమశంకరం దగ్గరికొచ్చీసరికి పుస్తకం నిండుగా ఉంటాది. ఇరవై నిమిషాల గేప్‌లో నూకాలు బెంచీ మీద కూకుని మిగిలిన ఒక్కటీ రాసుకుని, లోపలికెల్లినాక పుస్తకం బల్ల కింద ఒళ్ళో పెట్టుకుని సూసి సెప్తాడు. అందులో తప్పేటి? మీటరు సూడకుండా రీడింగు సెప్పీవోణ్ణి మేం మిల్లులో మెమో ఇచ్చి ఇంటికి పంపీవాళ్ళం.

నా బాధ అది కాదే. అందరూ ఎంతో కొంత కలిపినారు. ఇన్‌ఛార్జిని, నాను మూడుసార్లూ ఏడు దాటలేకపోనాను.

గురునాథరావు


విశాఖపట్నం,
9-8-2025.

ఓలమ్మో మావయ్యా!

నీ ఉత్తరం చదివి లాబ్‌లో కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను. అది చార్జి ఇవ్వడం కాదు మావయ్యా, పరీక్ష పేపరు ముందే బయటికి పంపడం! పదో తరగతి పిల్లలు చేస్తే పట్టుకుంటారు, అయిదుగురు పెద్దమనుషులు డైరీ పెట్టుకుని మరీ చేశారు!

మేడంకి చెప్పాలా వద్దా అని ఒక పూటంతా కొట్టుకున్నాను. చెప్తే పోస్టర్ పోతుంది, నా పేరూ పోతుంది. చెప్పకపోతే నువ్వు పాల పేకెట్టుకి కూడా అత్తని వెంటేసుకుని తిరుగుతావు. వెళ్ళి నీ ఉత్తరమే ఆమె చేతిలో పెట్టేశాను.

ఆమె రెండుసార్లు చదివింది. కళ్ళజోడు తీసింది, పెట్టుకుంది, మళ్ళీ తీసింది. "వరుస నంబర్లూ నేనే ఇచ్చాను, అందరికీ ఒకటే జాబితా నేనే పెట్టాను. ముప్పై ఏళ్ళు కలిసి డ్యూటీ చేసిన వాళ్ళని ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి, మాట్లాడుకోరని ఎలా అనుకున్నాను?" అంది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది, ఆగలేదు. సాయిశంకర్ మాత్రం నవ్వలేదు, పోస్టర్ చుట్టి బీరువా మీద పెట్టేశాడు. నూకాలుని పిలిచి అడిగాం. "నాకు మొదట్నుంచీ తెలుసు గదమ్మా. పుస్తకం నా టీ బెంచీ మీదే గదా సేతులు మారుతాది. నన్నెవులడిగినారు?" అంది.

ఇప్పుడు అసలు మాట. ఇది అత్తకి గట్టిగా చదివి వినిపించు. మొత్తం జట్టులో ఒక్కరి మార్కులే నిజమైనవి, అవి నలభై ఒకటివి. డెబ్బై ఒక్కేళ్ళ మనిషికి ఏడు మాటలు గుర్తుండటం మామూలే, బాగున్నట్టే లెక్క, మూడు పరీక్షల్లోనూ తగ్గలేదు, భయం లేదు అని అనూరాధ మేడం నన్ను రాయమంది. నా చేత్తో రాస్తున్నాను, కింద ఆవిడ సంతకం కూడా పెట్టించాను. పాత క్వార్టర్‌కి వెళ్ళడం అలవాటు కొద్దీ జరిగిందట. ఆవిడ కూడా పాత ఇంటికి రెండుసార్లు వెళ్ళిందట!

ఇరవై ఆరున అందరికీ మళ్ళీ పరీక్ష. ఎవరి గది వాళ్ళది, ఎవరి మాటలు వాళ్ళవి. పుస్తకం తేవద్దు. ఆ ఒక్క పూటకీ రిలీవర్ లేని డ్యూటీ అనుకోండి.

పోస్టర్లో పేరు పోయిన, పోతే పోయిందనుకుంటున్న
రోజా


దువ్వాడ,
28-8-2025.

అమ్మా రోజా,

తాళం వొచ్చింది. నీ ఉత్తరం మీ అత్త మూడుసార్లు సదివించుకుని, డ్రమ్ములో సెయ్యిపెట్టి తీసి, బియ్యం దులిపి నా సేతిలో పెట్టింది. "కరివేపాకు కొట్టు కుడిపక్కనుంది, ఉక్కునగరం ఎడంపక్క. గుర్తెట్టుకో" అంది. పోయిన ఆదివారం యారాడ ఎల్లొచ్చినాను. గంగాలమ్మకి కోపం వొచ్చింది.

సంతోషంగా రాద్దామని కూకున్నాను గాని, ఇంకో సంగతుంది.

మొన్న పరీక్షకి ఎవులి గదిలోకి వాళ్ళు ఎల్లినాం. నాకు మళ్ళీ ఏడే. బయటికొచ్చి కూకుంటే కాసేపటికి భీమశంకరం కూడా వొచ్చి నా పక్కన కూకున్నాడు. "ఎన్ని సెప్పినావు బావా?" అన్నాను. నవ్వినాడు. నూకాలు టీ ఇస్తే తీసుకుని, నాకేసి తిరిగి ఎంతో మర్యాదగా "తమరు ఏ డిపార్టుమెంటండీ?" అన్నాడు.

ఏళాకోళం అనుకున్నాను. మొకం సూసినాను. కాదు.

ముప్పై ఏళ్ళు రోజూ నాను చార్జి ఇచ్చింది ఆడికే రోజా. నాను దిగితే ఎక్కినోడు. మూడు పరీక్షలూ మా పుస్తకం ఆడి ఒళ్ళో పెట్టి, పదిహేను సెప్పినాడని మెచ్చుకున్నాం, మీ లాబోళ్ళనీ మెప్పించినాం. లోపల మిషను ఆగిపోతంటే బయట మేం రీడింగు రాసి పెట్టినాం. నాను నా ఏడు మాటల కోసం ఏడ్సుకున్నాను గాని, పక్కనోడి జోళ్ళు సూసి కూడా తెలుసుకోలేకపోనాను. సిగ్గేసింది నాకు.

మీ మేడం ఆడి కూతురు శ్రీసత్యని పిలిపించి మాటాడింది. మందులు, పరీక్షలు ఏవో సెప్పింది, ఇప్పటికైనా తెలిసింది మంచిదయింది అంది. ఆ పిల్లకి బేంకు ఉద్యోగం, పగలంతా ఇంట్లో ఉండదు. నాను మీ అత్తతో మాటాడినాను. అది "దానికి నన్నడగడం ఎందుకు? బండి తియ్యి" అంది.

నిన్నట్నుంచి పొద్దున్న తొమ్మిదికి స్కూటరేసుకుని ఎల్లి ఆణ్ణి ఎనక ఎక్కించుకుంతన్నాను. ఉక్కునగరం అంతా ఒక సుట్టు తిప్పుతాను. పాత క్వార్టర్ కాడ ఆగుతాం, కావాలనే. ఆ పిల్ల ఇద్దరికీ కాఫీ ఇస్తంది, ఇప్పుడు పంచదార సరిపోతంది. ఎనక కూకుని ఆడు దారి పొడుగునా నాకు మిల్లు ఎలగ నడపాలో సెప్తాడు. ఒక్క తప్పు లేదు. ఒక్క బోల్టు కూడా మర్చిపోలేదు.

ఆ పుస్తకంలో కొత్త పేజీ తీసి ఇలగ రాసినాను. నీకు, మీ మేడంకి సూపించడానికి నకలు దించుతన్నాను.

తేది: 27-8-2025. షిఫ్ట్: జనరల్.
చార్జి ఇచ్చినవారు: భీమశంకరరావు.
చార్జి తీసుకున్నవారు: గురునాథరావు.
నడుస్తున్నవి: మిల్లు పని అంతా. నవ్వు. "అండి". టీలో రెండు చెంచాల పంచదార.
ఆగినవి: నా పేరు.
రిమార్కులు: రిలీవర్ వచ్చేదాకా దిగేది లేదు.

మీ మావయ్య,
నలభై ఒకటి